వేగిస గోడు ఎవరికి పట్టింది?

ఎగ్జిబిషన్‌లో కొయ్య గ్లాసులమ్మే కుర్రాడి మాట ఈ వారం నాకు చిర్రెత్తించింది. "ఎర్రచందనం సార్! రాత్రి నీళ్లుపోసి పొద్దున తాగితే షుగర్ దిగుతుంది" అన్నాడు. గ్లాసులో నీళ్లను వెలుగుకి పట్టి చూశాను. నీలంగా మెరిశాయి. ఆ నీలమే గుర్తు, అది ఎర్రచందనం కాదు, వేగిస.

చెట్టును ఆకుతో గుర్తుపట్టమని ఈ కాలమ్‌లో ఎంత పోరుతుంటానో మీకు తెలుసు. ఎర్రచందనం, వేగిస రెండూ చిక్కుడు కుటుంబానివే, దగ్గరి చుట్టాలు. రెండింటికీ పసుపు పూలే, చుట్టూ రెక్క ఉన్న బిళ్లకాయలే. ఎర్రచందనం రెమ్మకు సాధారణంగా మూడు ఆకులు, వేగిసకు ఐదు నుంచి ఏడు. ఎర్రచందనం చేవ ముదురెరుపు, వేగిసది పసుపు కలిసిన గోధుమరంగు.

మా అమ్మమ్మ బొమ్మల కొలువులో రాజు, రాణి ఎర్రచందనం బొమ్మలే. ఎవరికైనా వాపొస్తే ఆమె ఆ చెక్కనే సానమీద అరగదీసి పట్టు వేసేది. పిల్లలం ఆ ఎర్రటి గంధం వేళ్లకి పూసుకుని తిట్లు తినేవాళ్లం. ఆ చెక్కే చైనాలో ఖరీదైన కుర్చీలకూ, జపాన్‌లో షమిసెన్ వాద్యం మెడకూ వెళ్లింది. సహజంగా పెరిగేది మాత్రం శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, లంకమల, నల్లమల చుట్టుపక్కలే. అందుకే 1995లో సైటిస్ ఒప్పందం దాని అంతర్జాతీయ వ్యాపారానికి కళ్లెం వేసింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 2018లో దాన్ని అంతరించే ముప్పున్న జాబితా నుంచి రెండు మెట్లు దించి, 2021లో మళ్లీ అక్కడికే చేర్చింది.

అయితే కాపలా అంతా ఎర్రచందనానికేనా? ఆ దుంగలు దొరికితే పత్రికలో ఫొటో పడుతుంది. వేగిస కొట్టేస్తే రెండు లైన్ల వార్తయినా రాదు. పశ్చిమ కనుమల నుంచి మధ్య భారతం దాకా, శ్రీలంకలోనూ ఉంది కదా అన్న ధీమా. విస్తారంగా ఉన్న చెట్టు ఒక్కో కొండమీద తగ్గుతూపోతే పట్టించుకునేవారుండరు. ఐయూసీఎన్ దాన్నీ ముప్పు అంచున ఉన్నవాటిలోనే పెట్టింది. బంకకోసం బెరడు చెక్కుతారు, గ్లాసుల కోసం చేవ తీస్తారు. చేవ కట్టడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు నా ఓటు వేగిసకే. గ్లాసును నమ్మి షుగర్ మాత్ర మానకండి. ఈ వానాకాలం అటవీశాఖ నర్సరీకి వెళ్లి వేగిస మొక్క కావాలని అడగండి. అడిగేవాళ్లుంటేనే పెంచుతారు.