పారాసెటమాల్, దీపం, యెంకి

‘కల్కత్తా’ అనే పేరుతో పాడే ఒక ఇటాలియన్ గాయకుడున్నాడు. ఊరు లాటినా. 2018లో వచ్చిన అతని ‘ఎవర్‌గ్రీన్’ ఆల్బమ్‌లో ఒక ప్రేమపాట పేరు ‘పారాచెతామోలో’. అవును, మన జ్వరం బిళ్లే! ఇంకో పాట పేరు ‘పెస్తో’, అంటే వాళ్ల రోటిపచ్చడి లాంటిది. చందమామ కరువై కాదు. ప్రేమలో పడ్డవాడి బల్ల మీద నిజంగా ఉండేవి అవే కనక.

ఆ పాటలు వింటుంటే నాకు నండూరి సుబ్బారావు గుర్తొచ్చారు. వసంతవాడలో పుట్టి, ఏలూరులో వకీలుగా పనిచేసిన మనిషి. ‘యెంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాయి. వాటిని ‘అచ్చమైన పల్లె ప్రేమ’ అని మెచ్చుకుని ఊరుకుంటాం. నాకు అక్కడే పేచీ. తొలి పాట మద్రాసు ట్రాములో తట్టిందని చెప్తారు. పాటల్లో మాత్రం ట్రామూ లేదు, నల్లకోటూ లేదు. నాయుడుబావ చేను ఆయన రోజూ బతికిన బతుకు కాదు, కోరుకున్న బతుకు.

మరి ఆ పాటలు ఎందుకు నిలిచాయి? దీపం పాట చూడండి. ప్రియురాలి మొహం చూడ్డానికి ఎవరైనా దీపం వెలిగిస్తారు. బావ ఆర్పెయ్యమంటాడు. అతనికి వెలుగే అడ్డం. ఆ దీపం దేనికీ పోలిక కాదు, దాని పనే పాటంతా నడుపుతుంది. బిళ్ల పాటలోనూ అంతే, డోసు లెక్కలోనే బెంగంతా ఉంది. యెంకి మెడలో పూసలు, తలలో పూలు మాత్రం అలంకారాలు. మన సినిమా పల్లెపాటలు ఎక్కువగా పట్టుకుపోయింది వాటినే. దీపాన్ని అక్కడే వదిలేశాయి.

నష్టం ఏమిటంటే, ఇప్పటి మనుషులు ప్రేమపాటలోంచి తప్పిపోయారు. చేను కాపలా ఉన్న బావ దగ్గరికి యెంకి రాత్రివేళ నడిచొచ్చింది. ఇవాళ కొల్లేరు చుట్టూ ఆ కాపలా చేపల చెరువు గట్టు మీద. ఏరియేటర్ల హోరులో ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని మాట్లాడే కుర్రాడికి ఏ పాట ఉంది? తాడేపల్లిగూడెం మార్కెట్లో బస్తాలు దించి, ఎంత కడిగినా ఉల్లి వాసన పోని చేతులతో ఆమెను కలవడానికి వెళ్లేవాడికి? వాళ్లకి మళ్లీ కొప్పూ కుండా ఇస్తే అది ప్రేమపాట కాదు, అద్దెకు తెచ్చిన వేషం.

యెంకిని గౌరవించడమంటే ఆమె చీర కట్టు దించడం కాదు. ఆ దీపం చేసిన పనిని మన చేతికందే వస్తువుతో చేయించడం. అది ఏరియేటర్ స్విచ్చైనా సరే.