బళ్ళారి పూర్వస్మృతులు - ఒక పరిశీలనము

పూర్వపు బళ్ళారిని గూర్చి తెలుగున వెలువడిన స్మృతివ్యాసములు పెక్కు గలవు. సంఘముల వార్షిక సంచికలలోను, నాటక సమాజముల ఉత్సవ సంపుటములలోను, రాఘవ జయంతి సభల ప్రసంగపాఠములలోను ఇవి మనకు కానవచ్చును. వీనిని విడివిడిగా చదివినపుడు ఒక్కొక్కటియు ఆప్తుని మాటవలె హృద్యముగా నుండును. పదింటిని వరుసగా చదివినచో మాత్రము ఒకే వ్యాసమును పదిమారులు చదివినట్లు తోచును. కొండతో ఆరంభము, కోటతో అభివృద్ధి, నాటకశాలలో పరాకాష్ఠ, 1953లో విషాదాంతము. ఈ కట్టుబాటులో నిలువదగిన దేది, నిలువరాని దేది, అందు చోటు దొరకక జారిపోయిన దేది యని విచారించుట నా యుద్దేశము. బళ్ళారికి దాపున మోకలో తెలుగు పాఠములు చెప్పుకొని బ్రదుకువాడను గావున ఈ విచారము నాకు కేవలము పాండిత్యవిషయము కాదు.

ముందుగా ఊరి పేరు. దీనికి మూడు వ్యుత్పత్తులు వాడుకలో నున్నవి. బలుడను రాక్షసుని ఇంద్రుడు సంహరించిన చోటు గావున బలారి యనునది మొదటిది. శివలింగము దొరకని వర్తకులు ధాన్యము కొలుచు బళ్ళను బోర్లించి పూజింపగా నదియే లింగమై వెలసెననునది రెండవది. దుర్గమ్మకే బళారి యని పేరనునది మూడవది. మన వ్యాసకర్తలు మొదటిదానిని మక్కువతో గ్రహింతురు. ప్రబంధములు చదివినవానికి వలారి యనగా ఇంద్రుడని తెలియును. పట్టణము పేరు ఇంద్రుని పేరైనచో దానికి పౌరాణిక గౌరవము సమకూరును. బళ్ళ కథ దగ్గర మాత్రము వారి కలము తొందరపడును. బళ్ళ యను కొలపాత్ర పేరు కన్నడమున వాడుక; మనకు సోల, మానిక, కుంచము గలవు. ఆ కథ కన్నడము మాటాడు నోటనే పుట్టి యుండవలెను. మూడును జనశ్రుతులే. కాని ఏ జనుల శ్రుతి యేది యని అడుగుట విమర్శకుని పని. ఆ ప్రశ్న అడిగినచో పట్టణము మొదటినుండియు రెండు భాషలదని పేరులోనే తేలును. బహుశా అందుకే అడుగరు.

కోట కథయు నిట్టిదే. పైకోట హండే హనుమప్ప నాయకునిదనియు, క్రింది కోటను హైదరాలీ ఒక ఫ్రెంచి ఇంజనీరుచే కట్టించెననియు, పని ముగిసిన పిదప ఎదుటి కుంబారగుట్ట దీనికన్న ఎత్తని కనుగొని ఆ ఇంజనీరును ఉరితీయించెననియు చెప్పుదురు. తూర్పుద్వారము చెంత నున్న సమాధి అతనిదని కొందరు, అది యొక మహమ్మదీయ సాధువుదని మరికొందరు. కన్నుల యెదుట నున్న గుట్ట యెత్తు కోట ముగియువరకు ఎవ్వరికిని కానరాలేదా యని మా ఆరవ తరగతి పిల్లలు సైతము అడిగిరి. పెద్దలు మాత్రము అడుగక వ్రాసికొనుచున్నారు. కథను త్రోసివేయుమని నే ననను. పని చేసినవానికి ప్రభువిచ్చు బహుమానము నెడ ప్రజల కున్న అభిప్రాయము అందు నిలిచినది. దానిని చరిత్ర యను శీర్షిక క్రింద ఉంచుటయే దోషము.

ఈ సీమలో ఊరి చరిత్రను తెలుగున వ్రాయుట మనతో మొదలు కాలేదు. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆ తరువాత మెకంజీ పక్షమున గ్రామగ్రామమున కైఫియత్తులు వ్రాయబడెను. వానిని వ్రాసినవారు అతిశయోక్తిని మానలేదు. రాక్షసులును, కలలో కనబడిన దేవతలును వారి కాగితములలోను గలరు. అయినను చెరువెవరు త్రవ్వించిరి, పొలిమేర యెక్కడ, మాన్యమెవరిది, కరవున ఊరు పాడుపడి మరల నెపుడు నిండినది అను ప్రశ్నలను వారు విడువలేదు. ఆనాటి కైఫియత్తునకును నేటి సంచిక వ్యాసమునకును గల భేద మిదియే. అతనికి ఊరి లెక్క కావలెను. మనకు ఊరి కీర్తి చాలును.

ఆ కీర్తి నాటకరంగమునుండి వచ్చినది. అది న్యాయమైన కీర్తి. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్ళారిలో వకీలు. 1886 ప్రాంతమున సరసవినోదినీ సభ నెలకొల్పి, చిత్రనళీయముతో ఆరంభించి అనేక నాటకములను రచించి ఆడించెను. ఆయన విషాదసారంగధరను తెలుగున తొలి విషాదాంత నాటకముగా సాహిత్యచరిత్రకారులు పేర్కొందురు. కోలాచలము శ్రీనివాసరావు (1854-1919) గూడ వకీలే. సుమనోరమ సభ ఆయనది. చారిత్రక నాటకములకు ఆయనయే పితామహుడు. 1908లో ప్రపంచ నాటకచరిత్రను ఆంగ్లమున ప్రకటించిన విద్వాంసుడు. ఆచార్యులవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు, అనగా బళ్ళారి రాఘవ (1880-1946), వీరి ఉభయుల పంటను లోకమునకు పంచినవాడు. 1891లో సరసవినోదినివారు చెన్నపట్టణమున ఆడగా చూచి పమ్మల్ సంబంధ మొదలియారు అదే సంవత్సరము సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకరంగపు ఒక గొప్ప శాఖకు బళ్ళారి తెలుగు నాటకము విత్తనమైనది. ఇంతకన్న సాక్ష్యము వేరొకటి యక్కరలేదు.

ఇంతవరకు మన వ్యాసములు చెప్పును. ఈ మువ్వురును ఇక్కడనే, అప్పుడే, యెట్లు పుట్టిరి? దీనికి వానిలో సమాధానము లేదు. గొప్పవారు పుట్టిరి, ఊరు ధన్యమైనది అన్నట్లు వ్రాతురు. బళ్ళారి మద్రాసు రాజధానిలో పెద్ద దండుస్థానము, జిల్లా కచేరీలు గల పట్టణము. కచేరీల వెంట వకీళ్ళు, దండు వెంట వర్తకులు వచ్చిరి. లండన్ మిషన్ వారి జాన్ హ్యాండ్స్ 1810లో వచ్చి కన్నడమున బైబిలును అనువదించెను. ఆ మిషనువారి వార్డులా పాఠశాల 1846లో వెలసినది. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగమెక్కు ఔత్సాహిక నటవర్గము ఈ కచేరీ జీవనమునుండియే పుట్టినది. టిక్కెట్టు డబ్బుపై బ్రదుకనక్కరలేనివారు గావున వారు సాహసములు చేయగలిగిరి. మరియొక మాట. 1876-78 నాటి ధాతుకరవున దారుణముగా నష్టపడిన జిల్లాలలో బళ్ళారి యొకటి. ఆ కరవు ముగిసిన పదేండ్లలోపుననే సరసవినోదిని పుట్టినది. నలుని కష్టములను, హరిశ్చంద్రుని కష్టములను రంగముపై చూచి కంటనీరు పెట్టిన ప్రేక్షకులలో ఆ కరవును దాటివచ్చినవారు ఎందరుండిరో! నాటకమును పొగడు వ్యాసములందు ఆ కరవు ప్రస్తావనయే నాకు కానరాలేదు.

రాఘవను గూర్చియు ప్రశంసయే గాని పరిశీలన తక్కువ. ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిసికొన్న ముచ్చట ప్రతి వ్యాసమునను ఉండును. షా యేమనెనను వాక్యము మాత్రము వ్యాసమున కొక రీతిగా నుండును. రాఘవ అసలు పోరాటము అక్కడ లేదు, ఇక్కడ నున్నది. చిత్రనళీయమున పాటలను చేర్చి మేనమామ తెలుగు నాటకమును జనరంజకము చేసెను. పద్యమును రాగమున సాగదీయుట అటుపిమ్మట వ్యసనమై పాత్రను మ్రింగివేసినది. దానిని మేనల్లుడు ఎదిరించి, మాట తీరును ముఖభావమును ముందునకు తెచ్చెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని రంగమునకు తెచ్చెను. 1939లో రైతుబిడ్డ చిత్రమున నటించెను. ఇంటిలోని సంప్రదాయముతో ఇంటివాడే వాదించిన ఈ కథ అభినందన వ్యాసమునకు ఇముడదు. మామయు గొప్ప, అల్లుడును గొప్ప యని ముగించుట సులభము. వారిరువురి నడుమ నున్న విరోధమే బళ్ళారి నాటకమునకు ప్రాణమని నా నమ్మకము.

కోలాచలము వారి రామరాజు చరిత్రము మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గరిది. విజయనగర పతనము ఇతివృత్తము. 1565 నాటి యుద్ధము దానికి మూలము. రచయిత హంపీ చెంతనున్న కమలాపురమున జన్మించినవాడు. ఆ శిథిలములు ఆయనకు గ్రంథస్థ విషయములు కావు, బాల్యమున త్రోవలో నున్న రాళ్ళు. సివెలు దొర విస్మృత సామ్రాజ్యమును గూర్చి వ్రాసిన గ్రంథము 1900లో వెలువడినది. ఒక పాడుపడిన నగరమును స్మరించు తపన ఆ కాలపు గాలిలోనే యుండెను. గతనగర స్మృతి యను విషయమున మనకు పూర్వుడు కోలాచలము వారే. కాని మనము చేయని పని ఆయన చేసెను. పతనమునకు కారణ మడిగెను. అందు పఠాను రుస్తుము పాత్రను రాఘవ ధరించి ప్రసిద్ధికెక్కెను. శత్రుపక్షము వాడైనను ప్రేక్షకుని మనస్సును పట్టుకొను పాత్ర యది. మతవైషమ్యములు రేగునను భయమున ప్రభుత్వము ఈ నాటక ప్రదర్శనమును నిషేధించెనని చెప్పుదురు. నిషేధమును గర్వముతో చెప్పుకొనువారు పుస్తకము తెరచి చదివినచో బాగుండును. వేదికపై దాని పేరు చెప్పినవారిని ఎందరినో విన్నాను. గ్రంథము కావలెనని మా పాఠశాలకు వచ్చి యడిగినవాడు ఒక్కడును లేడు.

ఇక 1953. ఆ యేడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరినవి. బళ్ళారి తాలూకా, మిశ్రా విచారణ పిమ్మట, తక్కిన తాలూకాలతో కూడ మైసూరున చేరినది. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప తాలూకాలను తుంగభద్రా ప్రాజెక్టు కారణమున ఆంధ్రమునకు చేర్చవలెనని సిఫారసు చేసినను, అది అమలు కాలేదు. మన స్మృతివ్యాసములు ఇచట నిట్టూర్చి ఆగిపోవును. ఆ నిట్టూర్పును నేను ఎగతాళి చేయను. ఆ తరమువారు బంధువుల నడుమ, పొలముల నడుమ గీత పడుట చూచిరి. అయితే అటుపిమ్మట జరిగినదంతయు చరిత్ర కాదా? పోయిన ఊరు అని వ్రాసినపుడు, ఆ ఊరిలో నేడును తెలుగు మాటాడువారు ఎక్కడికి పోయినట్లు? అదే ఊరిని తమదిగా భావించి, రాఘవతో కలిసి మెలసిన కన్నడ కళాకారులు ఎవరి లెక్కలో నుందురు? జోళదరాశి దొడ్డనగౌడ (1910-1994) గమకమునకును రంగస్థలమునకును పేరుపొందిన కన్నడిగుడు. తెలుగు సంచికలలో ఆయన పేరు వెదకవలసి వచ్చును. రాఘవ పేర వెలసిన కళామందిరమున రెండు భాషల నాటకములును ఆడుచుండగా, ఆయనను గూర్చిన వ్యాసములు ఒక్క భాషలోనే బ్రదుకుట వింత.

1953లోనే తుంగభద్ర ఆనకట్టనుండి నీరు వచ్చెను. రేగడి చేలలో జొన్న, ప్రత్తి పండు చోట కాలువ క్రింద వరి వచ్చినది. కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి సిరుగుప్ప, గంగావతి వైపు క్యాంపులు కట్టుకొనిరి. వారికి రాఘవ తెలియడు, సరసవినోదిని తెలియదు. వారి తెలుగు వేరు, యాస వేరు. వారి రాకను గూర్చి ఒక్క స్మృతివ్యాసమైనను నేను చదువలేదు. తరువాత ఇనుపఖనిజపు కాలము వచ్చి, 2011లో సుప్రీముకోర్టు నిషేధముతో ఆ ధూళి కొంత యణగినది. 2014లో బెళ్లారి యను ఆంగ్లపు పలుకు పోయి బళ్ళారి యను పేరే అధికారికమైనది. 2021లో విజయనగర జిల్లా వేరుపడి హంపీయే జిల్లా దాటిపోయినది. ఇన్ని జరిగినను మన స్మృతి 1953 పొలిమేర దాటుటలేదు.

దీనివలన నష్టమెవరికి? మా తరగతి గదిలో కూర్చున్న పిల్లలకు. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, సంతలో రెండును. ఏటేట తెలుగు బడిలో చేరువారు తగ్గుచున్నారు. వారికి మనమిచ్చు ఊరి చరిత్ర యంతయు పోయినదానిని గూర్చిన ఏడ్పే యైనచో, ఆ చరిత్రలో తమకు చోటు లేదని వారు త్వరలోనే గ్రహింతురు. ఒక బాలుడు రాఘవ వ్యాసమును అప్పగించి, ఆయన మనవాడా, వాళ్ళవాడా సార్ అని అడిగెను. ఆ ప్రశ్నను మన వ్యాసములే వానికి నేర్పినవి.

అందుచేత రెండేండ్లుగా మా తొమ్మిదవ తరగతివారిచేత కైఫియత్తులు వ్రాయించుచున్నాను. నియమములు స్వల్పము. చూచినది వేరుగను, విన్నది వేరుగను వ్రాయవలెను. విన్నచో ఎవరి నోట వింటిరో, ఆ మాట ఏ భాషలో చెప్పిరో తెలుపవలెను. కీర్తి వాక్యములు కూడవు. వచ్చిన కాగితములలో వేదావతి వరదలు, కూలిన బావులు, జాతరలో రాత్రియంతయు ఆడిన బయలాట, ప్రత్తి తూచు కాటాలో మోసములు గలవు. క్యాంపునుండి వచ్చు ఒక బాలిక తన తాతగారి మాటను వ్రాసినది. ఆయన వచ్చిన కొత్తలో ఈ నేల నల్లగా నున్నదని సంతోషించెనట. మొదటి వానకు ఎద్దులు మోకాలిలోతు దిగబడగా, ప్రక్క పొలపు గౌడ వచ్చి కన్నడమున తిట్టుచునే బండి నెత్తించెనట. ఆ తిట్టును గూడ ఆమె తెలుగు లిపిలో ఉన్నదున్నట్లు వ్రాసియున్నది.