గెలీలియో రెండు నావలు: శాస్త్రమున దృష్టాంతము

శాస్త్రము ప్రమాణముచేతను, కావ్యము రమణీయతచేతను నిలుచునని విభజించి చెప్పుట మన తరగతులలో పరిపాటి. భామహునకు ఇట్టి గోడ లేదు. కావ్యాలంకారమున పంచమపరిచ్ఛేదమును ఆతడు ప్రతిజ్ఞా హేతు దృష్టాంతముల దోషవిచారమునకు వినియోగించెను. కావ్యమునకు తర్కము వలసినట్లే శాస్త్రమునకును ఒప్పించు నేర్పు వలయునా? వలసినచో దాని హద్దేది? గెలీలియో 1632లో ఫ్లారెన్సున ప్రకటించిన సంవాదగ్రంథము ఈ ప్రశ్నకు తగిన లక్ష్యము.

ఆ గ్రంథము పండితభాషయైన లాటినున గాక ఇటాలియనున వ్రాయబడినది. సాల్వియాతి, సగ్రేదో, సింప్లీచియో అను మువ్వురు నాలుగు దినములు భూకేంద్ర, సూర్యకేంద్రవాదములను చర్చింతురు. భూమి తిరుగునచో గోపురముపైనుండి విడిచిన రాయి వెనుకబడవలదా యనునది పూర్వపక్షము. రెండవనాడు సాల్వియాతి ఓడ అడుగున మూసిన గదిని చూపును. అందు సీతాకోకచిలుకలు ఎగురుచుండును. వ్రేలాడు పాత్రనుండి నీటిబొట్లు క్రింది పాత్రలో పడుచుండును. ఓడ నిలిచియున్నను, ఒడుదుడుకులు లేక సమవేగమున సాగుచున్నను వీనిలో భేదము కానరాదు. ఇది వర్ణనమాత్రము కాదు. పూర్వపక్షహేతువును ఖండించు దృష్టాంతము. అయినను ఇది భూమి చలించునని సాధింపదు. చలింపదనుటకు చూపిన హేతువు చాలదని మాత్రమే తేల్చును.

నాలుగవనాడు మరియొక నావ వచ్చును. వెనీసునకు మంచినీరు చేరవేయు పడవ వేగము మారినపుడు అందలి నీరు ఒక కొనకు పొంగును. అట్లే భూమియొక్క ద్వివిధచలనముల కూడికచే సముద్రము పోటెత్తునని వాదము. చెప్పిన తీరున ఇది మొదటిదానికి తీసిపోదు. కాని సిద్ధాంతము తప్పు. ఆటుపోట్లకు చంద్రసూర్యుల ఆకర్షణ కారణమని న్యూటను 1687లో వివరించెను. గెలీలియో లెక్కన దినమునకొక్క పోటే రావలెను. రెండు వచ్చుటకు ఆతడు సముద్రముల లోతును, పొడవును కారణములుగ చెప్పవలసివచ్చెను. పడవకును సముద్రమునకును సాధర్మ్యము కలదు, వ్యాప్తి లేదు.

కావున రచనానైపుణ్యము సిద్ధాంతమునకు శ్రోతలను సంపాదించును గాని సత్యత్వమును సంపాదింపదు. అట్లని నైపుణ్యమును శాస్త్రమునుండి వెడలగొట్టినచో రెండవ నావతోపాటు మొదటిదియును పోవును. ఉపమ అలంకారమైనచోట అందమును, హేతువైనచోట వ్యాప్తిని అడుగుట విమర్శకుని పని. శాస్త్రగ్రంథములను ఈ దృష్టితో చదువు పాఠము సాహిత్యశాఖలలోను ఆరంభింపదగును. ఏలయన దృష్టాంతదోషమును గుర్తించు పరిభాష భామహునినాడే మనకు సిద్ధమైయున్నది.