ఒక జన్మమా, పెక్కు జన్మములా?

హైదరాబాదునకు ఉత్తరమున, శామీరుపేట మండలములో తుర్కపల్లి యను గ్రామము కలదు. టీకాలను, ఔషధములను పరిశోధించు జినోమ్ వ్యాలీ ఆ పరిసరములందే వెలసినది. ఆయువును పొడిగించు శాస్త్ర మింత చేరువ నున్నను, చనిపోయినవా రెచ్చట నున్నారని పిల్లవా డడిగినప్పుడు మనకు తోచు సమాధానము శాస్త్రమునుండి రాదు. తాతముత్తాతల విశ్వాసమునుండియే వచ్చును. భాద్రపద బహుళ అమావాస్యనాడు, తెలంగాణమున పెత్రమాస యని పిలుచు దినమున, గతించిన పెద్దల పేర బియ్యము, పప్పు, కూరగాయలు దానము చేయుదురు. నవంబరు 2వ తేదీని కతోలికులు సమాధులను శుభ్రపరచి, క్రొవ్వొత్తులు వెలిగించి, మృతులకై ప్రార్థింతురు. ఈ రెండు దినములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, ఈ విశ్వాసములను గూర్చి మనము వాడుకగా చెప్పుకొను మాటలలో ఎంత తొందరపాటు కలదో తెలియును.

ఆ మాట లిట్టివి: "క్రైస్తవునకు జన్మ మొక్కటియే కావున వాని దేవుడు కఠినుడు, మనకు జన్మములు పెక్కు కావున మన ధర్మము దయగలది." దీనిని త్రిప్పి, "వారిది కర్మబంధము, మాది క్షమ" యనువారును కలరు. మొదట సిద్ధాంతమేమో చూతము.

కతోలిక మతమున మనుష్యు డొక్కసారియే పుట్టి, యొక్కసారియే మరణించును. 1992లో వెలువడిన వారి ధర్మోపదేశ గ్రంథము మరణానంతరము పునర్జన్మము లేదని స్పష్టముగా చెప్పుచున్నది. మరణముతోడనే ఆత్మకు తీర్పు కలుగును. మోక్షమునకు అర్హులై యుండియు పూర్ణశుద్ధి పొందనివారు ముందుగా ఉత్తరించు స్థలమున శుద్ధులగుదురు. దీనినిబట్టి "ఇదియు మన పునర్జన్మము వంటిదే" యని కొంద రందురు. అది సరికాదు. అచట ఆత్మ శుద్ధి పొందునే కాని క్రొత్త కర్మ మేదియు చేయదు. మంచిచెడ్డల నెన్నుకొను కాలము మరణముతో ముగిసినది. పునర్జన్మ మన్ననో, మరల నెన్నుకొను అవకాశము. ఒకచోట దేహము మనుష్యునిలో భాగమై లోకాంతమున లేచునది. మరియొకచోట విడిచిన వస్త్రము. రోమా సభ 1963లో దహనము ననుమతించియు, 2016లో చితాభస్మమును చల్లరాదని శాసించుటకు ఈ భేదము నొక కారణము.

అయినను ఆచారములో ఇరువురును చేరువకు వత్తురు. తండ్రి మరల పుట్టియే యుండినచో మన మిచ్చు బియ్య మెవరికి చేరును? పితరుల పేర కాకులకు పిండములు పెట్టుటను వేమన వెక్కిరించెను. తీర్పు జరిగిపోయినదన్నచో క్రొవ్వొత్తి యేల? ఈ ప్రశ్నలకు ఒకరు పితృలోకమును, మరియొకరు ఉత్తరించు స్థలమును చూపుదురు. మృతులకు మన మింకను ఏదో చేయగలమను ఆశకు రెండు మతములును చోటిచ్చినవి. ఈ ఆశను నేను తప్పుపట్టను. తప్పు వేరొకచోట నున్నది.

ఆ తప్పు మృతుల విషయమున కాదు, బ్రతికినవారి విషయమున. సదాచారులు బ్రాహ్మణ క్షత్రియ వైశ్య యోనులయందును, దురాచారులు కుక్క, పంది, చండాల యోనులయందును జనింతురని ఛాందోగ్యోపనిషత్తు చెప్పినది. తన నడవడిని దిద్దుకొనుటకు చదివినచో ఇది హెచ్చరిక. పొరుగువాని పుట్టుకను కొలుచుటకు చదివినచో ఇది తీర్పు. మన సంఘము రెండవ విధముగానే చదివినది. పదియేండ్ల వితంతువును "పూర్వజన్మ పాప" మని మూల కూర్చుండబెట్టినదియు ఈ చదువే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు వారు పోరాడవలసినది ఆచారముతో మాత్రమే కాదు, దానిని సమర్థించు ఈ లెక్కతో కూడ.

ఒక్క జన్మమే యని నమ్మినంతమాత్రమున ఈ క్రౌర్యము పోవునా? పోలేదు. జ్ఞానస్నానము పొందకయే చనిపోయిన శిశువునకు మోక్షము లేదను తలంపు తరతరములుగా తల్లులను కుమిలించినది. అట్టివారి రక్షణకు ఆశపడుటకు ఆధారములు కలవని రోములోని వేదాంతుల సంఘము ప్రకటించినది 2007లో. మన దక్షిణదేశపు టుదాహరణ మింకను స్పష్టము. 1577లో ఇటలీలో జన్మించి, మధురలో సన్న్యాసివేషమున మతబోధ చేసిన జెసూట్ గురువు రాబర్టు డి నోబిలి తమిళమున "పునర్జన్మ ఆక్షేపము" అను గ్రంథమునే వ్రాసెను. పూర్వకర్మమే లేనిచో కులమున కాధార మేమి? అయినను అగ్రవర్ణములవారిని చేరుటకై ఆయన నిమ్నజాతులకు ఎడముగా మెలగెను. క్రైస్తవులైన బ్రాహ్మణులు జందెమును, శిఖను ఉంచుకొనుటకు 1623లో పోపు అనుమతి నిచ్చెను. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోనిగారు 2022లో కార్డినలగువరకు దళితులలో నెవ్వరును ఆ పదవి నందలేదు. వేరును ఖండించితిమన్నవారు కొమ్మను నీరుపోసి పెంచిరి.

దీనికి ప్రతిగా, పునర్జన్మమును నమ్మిన గాంధీగారు, తనకు మరల జన్మమే కలుగవలసినచో అస్పృశ్యుడనై పుట్టవలెనని 1921లో కోరెను. ఆయన ఆ సిద్ధాంతమును విడువలేదు. ఇతరులనుండి త్రిప్పి తనపై నుంచుకొనెను.

కావున చదువరులు ఏ విశ్వాసమునైన నుంచుకొనవచ్చును. జన్మ మొక్కటియే యన్నచో, ఎదుటివాని జన్మమును ఒక్కటియే. దానిని వృథచేయు హక్కు మనకు లేదు. జన్మములు పెక్కన్నచో, నేడు గడపవెలుపల నిలిపినవాని యింట రేపు మనము పుట్టవచ్చును. మన పాపమును గూర్చి మన మెంతయైన తలపోయవచ్చును. రోగియైన బిడ్డ నెత్తుకొని వాకిట నిలిచిన తల్లితో మాత్రము గతజన్మమును గూర్చి గాని, రాబోవు తీర్పును గూర్చి గాని ప్రసంగింపరాదు. ఆ బిడ్డను ముందు వైద్యునికడకు తీసికొనిపోవలెను.