బంగారాన్ని సాగదీసే కాగితం

జపాన్‌లోని కనజవా నగరంలో, పాత చెక్క ఇళ్ళ వరుసలున్న హిగాషియామా పేటలో, బంగారు వర్ఖుకోసమే ఒక మ్యూజియం ఉంది. పేరు యసూయె మ్యూజియం. లోపలికి అడుగుపెట్టినవాళ్ళ చూపు ముందుగా బంగారు వర్ఖు పరిచి బొమ్మలు గీసిన మడత తెరల మీదికే పోతుంది. నన్నడిగితే మాత్రం, పనిముట్ల దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడమంటాను. అక్కడ కనిపించే మాసిన కాగితాలలోనే ఈ విద్య అంతా ఉంది.

ఈ మ్యూజియాన్ని 1974లో మొదలుపెట్టింది యసూయె తకాఆకి అనే వర్ఖు పనివాడు. జీవితమంతా బంగారాన్ని కొట్టినవాడు, తన వృత్తి గౌరవానికి సాక్ష్యం మిగలాలని పనిముట్లనూ కళావస్తువులనూ కూడబెట్టాడు. 1985లో అది నగరపాలక సంస్థ చేతికి వచ్చింది, 2010లో ఇప్పటి చోటికి మారింది.

కనజవాలో ఈ పని ఉందనడానికి తొలి ఆధారం 1593 నాటి ఉత్తరం. దూరాన యుద్ధ శిబిరంలో ఉన్న ప్రభువు మయేదా తొషియియె, బంగారు, వెండి వర్ఖులు తయారుచేయించమని తన సీమకు రాశాడు. 1696 తర్వాత షోగునేట్, అంటే అప్పటి సైనిక ప్రభుత్వం, వర్ఖు తయారీని తన అదుపులోకి తీసుకుంది. ఎదో (నేటి టోక్యో), క్యోటోలలో తప్ప మరెక్కడా కొట్టకూడదని ఆంక్ష పెట్టింది. 1808లో కనజవా కోటలోని రాజప్రాసాదం కాలిపోయింది. మళ్ళీ కట్టడానికి బోలెడంత వర్ఖు కావాలి. క్యోటో నుంచి పనివాళ్ళను పిలిపించారు, ఊళ్ళోవాళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, చాటుమాటుగా కొట్టారు. షోగునేట్ కూలిపోయాక ఇక అడ్డు లేకపోయింది. ఈనాడు జపాన్‌లో తయారయ్యే బంగారు వర్ఖు దాదాపు అంతా ఇక్కడిదే. వానలూ మంచూ ఎక్కువైన ఊరు కావడం కూడా కలిసొచ్చింది. గాలి పొడిగా ఉంటే స్థిర విద్యుత్తు పుట్టి, ఆ పలుచటి రేకు ముట్టుకున్నదానికల్లా అంటుకుపోతుంది.

ఎంత పలుచన? మిల్లీమీటరులో పదివేలో వంతు. బంగారంలో కాస్త వెండి, రాగి కలిపి కరిగిస్తారు. రేకుగా సాగదీసి, ముక్కలు చేసి, కాగితాల మధ్య పేర్చి కొడతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా తేవడం ఒకరి పని, అక్కణ్ణుంచి అసలు వర్ఖుగా మార్చడం మరొకరి పని. సుత్తి దెబ్బలకు కట్ట వేడెక్కుతుంది. చల్లారనిచ్చి మళ్ళీ కొట్టాలి. ఇప్పుడా సుత్తిని యంత్రమే ఆడిస్తోంది కాబట్టి కండబలం సంగతి వదిలేద్దాం. తేడా అంతా కాగితంలో వస్తుంది.

గంపి చెట్టు నారతో చేతితో చేసిన కాగితం అది. వరిగడ్డి బూడిద తేటలో, పెర్సిమన్ కాయల వగరు రసంలో, కోడిగుడ్డు సొనలో నానబెడతారు. పిండి, ఆరబెట్టి, కొట్టి, మళ్ళీ నానబెడతారు. నెలల తరబడి ఇలా సాగితేగాని బంగారం అతుక్కోకుండా జారే నునుపు రాదు. కాగితం కుదరకపోతే ఎంత మేలిమి బంగారమైనా చిరుగుతుంది. అందుకే పనివాళ్ళు తమ వేళ్ళకు అలవాటైన కాగితాన్ని ఆస్తిలా చూసుకుంటారు.

చార్మినార్ దగ్గరి సందుల్లో వెండి వర్ఖు కొట్టే సుత్తి చప్పుడు విన్న హైదరాబాదీలకు ఈ సూత్రం కొత్త కాదు. అంటుకోని పొరల మధ్య లోహాన్ని పెట్టి ఓపికగా కొట్టడమే రెండుచోట్లా. అక్కడ మిఠాయి మీదికి పోయేది, ఇక్కడ బుద్ధ విగ్రహాలకూ ఆలయాలకూ పోతుంది. క్యోటోలోని కింకకుజి అనే బంగారు ఆలయానికి 1987లో పూర్తయిన కొత్త పూతకు సుమారు 20 కిలోల బంగారం పట్టింది. అందుకోసం మామూలుకన్నా మందమైన వర్ఖు వాడారు.

కొట్టడం అయ్యాక వెదురు చిమటాతో వర్ఖును ఎత్తి తోలు పరిచిన పలక మీద పెడతారు. నోటితో మెల్లగా ఊది ముడత విప్పుతారు. వెదురు చట్రంతో నాలుగంచులూ కోసి, ఒక్కొక్కటే కాగితం మీద పరుస్తారు. ఈ పద్ధతిని ఎన్‌త్సుకె అంటారు. 1960ల నుంచి తేలికైన మరో పద్ధతి వచ్చింది. మసి పూసిన గ్లాసిన్ కాగితం వాడి, వెయ్యికి పైగా వర్ఖులను దొంతరగా ఒక్కసారే కోసేస్తారు. మార్కెట్టులో దొరికేది ఎక్కువగా అదే. దాన్ని తప్పుపట్టలేం, వెల అందుబాటులో ఉండాలి కదా. కానీ ఎన్‌త్సుకె వర్ఖుకున్న మెత్తటి మెరుపు దానికి రాదు. 2020లో యునెస్కో జపాన్ చెక్క కట్టడాల పరిరక్షణ విద్యలను మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు, అందులోని 17 విద్యల్లో ఎన్‌త్సుకె ఒకటి.

ఎన్నోసార్లు దెబ్బలు తిన్నాక ఆ కాగితం బంగారానికి పనికిరాకుండా పోతుంది. అప్పటికి అది ఎంత మెత్తబడుతుందంటే, చర్మం మీది జిడ్డును ఇట్టే పీల్చేస్తుంది. దాన్ని చిన్న ముక్కలుగా కోసి ముఖం అద్దుకోవడానికి అమ్ముతారు. ఒకప్పుడు గెయిషాలూ నటులూ ఎక్కువ ఇష్టపడిన ఆ కాగితాన్ని, ఇప్పుడు కనజవాకు వచ్చినవాళ్ళు చేతిసంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తుంటారు.