2898లో మాట్లాడే తెలుగు

ఈమధ్య వచ్చిన ఊహాచిత్రాల మీద మా అభిప్రాయాలు కొన్ని రాస్తున్నాము. మేము సినీవిమర్శకులము కాము, టిక్కెట్టు కొని చూసే మామూలు ప్రేక్షకులము. తెలుగు చదువుకొనేవాళ్లము కనుక మా ధ్యాస బొమ్మ మీద కంటె మాట మీద ఎక్కువగా నిలుస్తుంది.

2024 జూన్‌లో విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ కంటికి పెద్ద విందు. ఎండిపోయిన గంగ, దాని ఒడ్డున శిథిలమైన కాశీ, ఆకాశంలో వేలాడే కాంప్లెక్స్ చూసి మేమూ నోరు తెరిచాము. మాట దగ్గరకు వచ్చేసరికే చిక్కు. భైరవ, అతని బండి బుజ్జి మాట్లాడుకొనేది ఇవాళ్టి హైదరాబాదు కుర్రవాళ్ల తెలుగు. చిన్న లెక్క వేసి చూడండి. చిత్రం వచ్చిన ఏటి నుంచి 2898కి 874 సంవత్సరాలు. అంతే దూరం వెనక్కు నడిస్తే 1150కి చేరుతాము: నన్నయ గతించి, తిక్కన ఇంకా పుట్టని కాలం. ఆనాటి శాసనం ఒకటి చేతికిస్తే తడుముకోకుండా చదవగలవాళ్లము మనలో ఎందరము? వెనక అంత మారిన భాష ముందుకు మాత్రం అంగుళం కదలదన్నమాట.

ప్రేక్షకుడికి అర్థం కావద్దా అంటారు. కావాలి. మూడు గంటల చిత్రానికి కొత్త వ్యాకరణం రాయమని ఎవరూ అడగరు. మేము అడిగేది పది కొత్త మాటలు. ఆ లోకంలో డబ్బు యూనిట్లు, నగరం కాంప్లెక్స్. భవిష్యత్తు అనగానే ఇవాళ్టి ఇంగ్లీషు, పురాణం అనగానే సంస్కృతం. ఈ రెంటి నడుమ తెలుగు తనంత తానుగా పుట్టించుకొన్న మాట మా చెవిన పడలేదు.

1957లో ‘మాయాబజార్’కు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు ఈ పని ఎంత సులువుగా చేశారో! ‘అస్మదీయులు’కు జోడీగా ‘తస్మదీయులు’, కంబళి పక్కన గింబళి. మొదటిది సంస్కృత వ్యాకరణం ఒప్పుకోని సృష్టి, కనుకనే రాక్షసుల నోట అందంగా ఉంది. రెండవది మన ఇళ్లలో పులి గిలి, పెళ్లి గిళ్లి అనే అలవాటు నుంచి వచ్చింది. కన్నడంలోనూ ఇటువంటి జంటమాట ‘గి’తోనే నడుస్తుంది, తమిళంలో ‘కి’తో. ఆ అలవాటును పట్టుకొని దానికొక మాయవస్తువును తగిలించడమే పింగళి ప్రతిభ. గ్రాఫిక్స్ ఖర్చు లేదు.

‘కల్కి’కి మార్గదర్శకుడుగా వ్యవహరించిన సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ మళ్లీ 2025 ఏప్రిల్‌లో థియేటర్లకు వచ్చింది. అందులో కాలయంత్రం 1526 నాటి విజయనగరానికి చేరుతుంది. రాయల కొలువు గ్రాంథికంలో పలుకుతుంది, వెళ్లినవాళ్లు వాడుకభాషలో బదులిస్తారు. ఆ తేడా వల్లనే కాలం మారిన సంగతి చెవికి తెలుస్తుంది. అయినా మాకొక వెలితి. పాతకాలమంటే కొలువు ఒక్కటేనా? తమిళనాట స్థిరపడిన తెలుగువారిలో చాలామంది విజయనగర కాలంలోనూ, ఆ తరువాతి నాయకరాజుల కాలంలోనూ కదలివచ్చినవారు. వారు వెంట తెచ్చుకొన్నది ఆస్థానభాష కాదు, సేద్యపు మాట, వంటింటి మాట. అది వందల ఏళ్లు తమిళం పక్కన పెరిగి ఏ రూపం దాల్చిందో మదురై, కోయంబత్తూరు మిత్రులకు మేము చెప్పనక్కరలేదు. ఆ మాట హైదరాబాదులో వినిపిస్తే కొందరికి నవ్వు వస్తుంది. మరి తెలుగు విడిపోయి, ఇంకో భాషతో కలిసి కాపురం చేస్తే ఎలా ఉంటుందో రచయితలకు నమూనా కావాలంటే ఇంతకంటె మంచిది ఎక్కడ దొరుకుతుంది? 2898 కాశీకి నానా చోట్ల నుంచి వచ్చి చేరిన జనం కూడా అటువంటివారే కదా!

2022 నాటి ‘బింబిసార’లో క్రీస్తుపూర్వపు రాజు మన కాలంలో వచ్చి పడతాడు. రాజు గంభీరంగా మాట్లాడితే చుట్టుపక్కలవాళ్లు తెల్లబోవడం, మనం నవ్వడం. 1994లో ‘యమలీల’లో యముడు చేసిన పనే ఇది. కాలక్షేపానికి బాగుంది.

అదే ఏడు వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ మాకు అన్నిటికంటె నచ్చింది. పోయిన తల్లిని దక్కించుకోవడానికి కొడుకు 1998కి వెళ్తాడు. దూరం ఇరవై చిల్లర ఏళ్లే కనుక భాష మార్చే పని లేదు. అమల పోషించిన తల్లి మామూలుగా మాట్లాడితే చాలు, కాలయంత్రం వెనక్కు వెళ్లిందని నమ్ముతాము. దర్శకుడు శ్రీకార్తీక్ దీనిని తమిళంలో ‘కణం’ పేరుతోనూ తీశారు. రెండు భాషలూ వచ్చిన చెన్నై విద్యార్థులు రెండూ చూసి, తల్లీకొడుకుల సంభాషణ ఎక్కడెక్కడ వేరుపడిందో పక్కపక్కన రాసుకొని చూడండి.