తంబళి పెద్ది మనవడు

బేగంపేటలో ఇంగ్లీషు మీడియం పిల్లల చేతుల్లో కనిపించే సస్పెన్స్ నవలల్లో చాలావాటి ఎత్తుగడ ఒకటే. అమ్మో నాన్నో మాయమవుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు అసలు సంగతి దాస్తారు. పదిహేనేళ్ళ పిల్లో పిల్లాడో ఇక లాభం లేదని తనే బయలుదేరతారు. తెలుగులో ఆ వయసు వాళ్ళకి ఇలాంటివి రాలేదే అని బాధపడేవారు బాలనాగమ్మ కథను ఒకసారి కథకుడి కళ్ళతో చూడాలి. పేరు తల్లిదే గానీ, ముడి విప్పేది కొడుకు బాలవర్ధిరాజు.

కథ తెలిసిందే. ఉయ్యాల్లో పసివాడు ఉండగానే మాయలమరాఠీ అనే మాంత్రికుడు బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్త కార్యవర్ధిరాజు రాయైపోతాడు. ఆమె వ్రతం వంక పెట్టి మరాఠీని దూరంగా ఉంచుతుంది. గడువు కొందరు కథకులకు పన్నెండేళ్ళు, కొందరికి పద్నాలుగు.

పనితనమంతా ఈ గడువులోనే ఉంది. వ్రతం ముగియడానికి ఎన్నేళ్ళో కొడుకు ఎదగడానికీ అన్నేళ్ళే. ఒకే గడియారం రెండు పనులు చేస్తోంది. అక్కడ తల్లికి రోజులు తరిగిపోతుంటే ఇక్కడ పిల్లవాడికి వయసు పెరుగుతోంది. వాడికి సంగతి తెలిసేసరికి ఆమె దగ్గర మిగిలింది కొద్ది రోజులే. తరుముకొచ్చే గడువు కోసం ఈనాటి రచయితలు టైం బాంబులు, బెదిరింపు ఫోన్లు పట్టుకొస్తారు. ఈ కథకుడికి పిల్లవాడి పుట్టినరోజులే సరిపోయాయి.

రెండో నేర్పు పూలదండ. గట్టు మీదికి నేరుగా వెళితే తండ్రికి పట్టిన గతే పడుతుందని మనకు తెలుసు. అందుకే పిల్లవాడు కత్తి పట్టుకుని వెళ్ళడు. పూలిచ్చే తంబళి పెద్ది ఇంట్లో మనవడిగా చేరతాడు. సంవత్సరాలుగా తలుపులన్నీ మూసి ఉన్న మేడలోకి రోజూ అడ్డులేకుండా వెళ్ళే వస్తువేదో కథకుడు ముందే చూసుకున్నాడు. తల్లి ఎదుట నిలబడ్డ కొడుకును ఆమె గుర్తుపట్టలేదు, చూసింది పసికందునే కదా. ఆ కొద్దిసేపూ సంగతంతా తెలిసిన మనం నోరు మూసుకుని కూర్చోవాలి. బుర్రకథలో అలాంటి చోట కథకుడు తొందరపడడు, వంతలు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు వేస్తూ సాగదీస్తారు. జనం ఊపిరి బిగబట్టి కూర్చునేది అందుకే.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. శత్రువు రహస్యం రాబట్టేది పిల్లవాడు కాదు, బందీగా ఉన్న తల్లి. ఇన్నేళ్ళూ కాదన్న మనిషి ఒక్కసారి మెత్తబడి మాట్లాడితే మరాఠీ పొంగిపోయి, ఏడు సముద్రాల అవతల చిలకలో తన ప్రాణం ఉందని చెప్పేస్తాడు. తెలివి ఆమెది, కాళ్ళు వాడివి. ఏ ఒక్కరివల్లా కాని పని అది. తప్పిపోయిన అమ్మను కొడుకు కాపాడాడని చెప్పుకుంటాం గానీ, ఆమె కూడా ఈ వేటలో సగం వేటగాడే.

ఇదే అల్లిక మేరీ ఫ్రెరీ 1868లో అచ్చువేసిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’లోనూ ఉంది. బొంబాయి గవర్నరు కూతురైన ఆమెకు ఈ కథలు చెప్పింది ఆయా అన్నా లిబరాటా డిసౌజా. అందులో తల్లి పేరు బాల్నా, మాంత్రికుడు పంచ్‌కిన్. పిల్లవాడు చిలకను పట్టుకోగానే చంపేయడు. ముందు రాళ్ళైనవాళ్ళను మనుషుల్ని చేయించి, ఆ తర్వాతే ఒక్కో రెక్క, ఒక్కో కాలు విరుస్తాడు. మాంత్రికుడి చేతులూ కాళ్ళూ అదే వరసలో ఊడిపోతాయి. పద్నాలుగేళ్ళవాడు బేరమాడడం నేర్చుకున్నాడన్నమాట. శరీరం బయట దాచుకున్న ప్రాణం గురించి రాస్తూ జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో ఈ కథను ఎత్తుకున్నాడు కూడా. మనకు మాత్రం ఫలానావాడి ప్రాణం ఫలానా చిలకలో ఉందనడం రోజూ వాడే మాటే.

బాలనాగమ్మ కథలో లోపాలు లేకపోలేదు. సముద్రాలు దాటే భాగంలో పిల్లవాడి తెలివికంటే పక్షుల సాయమే ఎక్కువ. అంతవరకు బిగువుగా నడిచిన కథ అక్కడ కాస్త జారుతుంది.

1942లో జెమినీ వారు సి. పుల్లయ్య దర్శకత్వంలో తీసిన ‘బాలనాగమ్మ’ సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయలమరాఠీ, మరాఠీ ప్రియురాలు సంగు వేషం పుష్పవల్లిది. జనానికి గుర్తుండిపోయింది మరాఠీ, సంగులే. అది నటుల గొప్ప. కథ చెక్కినవాడి గొప్ప చూడాలంటే బాలవర్ధిని పట్టుకుని మళ్ళీ మొదటినుంచి రావాలి.

సురభి కళాకారులు ఈ కథను నాటకంగా తరతరాలుగా ఆడుతున్నారు. ఈసారి నాంపల్లి లలిత కళాతోరణంలోనో మరోచోటో వేస్తున్నారని తెలిస్తే ఇంట్లో ఉన్న పదిహేనేళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. చిలక సంగతి మాత్రం దారిలో చెప్పేయకండి.